జర్మనీలో నా గదిలో గంజాయి మొక్క పెంచొచ్చా?

చిన్న స్టూడెంట్ గదిలో ఒక కుండీ పెట్టుకుంటే తప్పా అని అడిగారు. తప్పు కాదు, కానీ షరతులున్నాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి అక్కడ 18 ఏళ్లు నిండినవాళ్లు తాము ఉండే ఇంట్లో ఒకేసారి మూడు మొక్కల దాకా పెంచుకోవచ్చు. అయితే కనీసం ఆరు నెలలుగా జర్మనీలో నివాసం ఉండాలి. నిన్నగాక మొన్న దిగినవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ఎండినది ఇంట్లో 50 గ్రాములు, బయట వెంట ఉంచుకునేది 25 గ్రాములు దాటకూడదు.

మనవాళ్లు పొరబడే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇక్కడే: ఇంట్లో పండింది సొంతానికి మాత్రమే. రూమ్మేట్‌కి డబ్బు తీసుకోకుండా ఊరికే ఇచ్చినా నేరమే. మొక్కలు పిల్లలకే కాదు, ఇతరులెవరికీ అందకుండా ఉంచాలి. ఒకే ఇంట్లో నలుగురు ఉంటే, తాళం వేసుకునే గది ఉండటం మేలు.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెబుతున్నాను. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు బ్యాగులో చిటికెడు కూడా ఉండకూడదు. ఇక్కడ మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నిరోధక) చట్టం ప్రకారం పెరట్లో ఒక్క మొక్క పెంచినా పదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.