పాప ఉద్యోగం మారాలా, ముందు పెళ్లి చేసేయాలా?

కావలి నుంచి ఒక అన్న రాశారు. వాళ్ల పాప బీటెక్ అయ్యాక చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి 4 ఏళ్ల 10 నెలలైంది, జీతం ఏడాదికి 6.5 లక్షలు. ఇప్పుడు బెంగళూరులో 11 లక్షలకు ఆఫర్ లెటర్ వచ్చింది. సరిగ్గా అదే వారంలో ఒంగోలు సంబంధం ఒకటి కుదిరింది, అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈ నెలాఖరుకు నిశ్చితార్థం, ఆషాఢం వెళ్లాక శ్రావణంలో పెళ్లి అనుకుంటున్నారు. అబ్బాయి తల్లిదండ్రులేమో 'ఉద్యోగం మారేదేదో పెళ్లయ్యాక చూసుకోవచ్చులే' అన్నారట. 'పాపను ఆగమని చెప్పేదా, వాళ్లతో మాట్లాడేదా, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు' అని ఈయన టెన్షన్.

అన్నా, ముందు ఒక్కటి ఆలోచించండి. పాప ఆగిపోతే ఎక్కడుంటుంది? చెన్నైలోనే కదా. అబ్బాయి ఉండేది హైదరాబాద్. బెంగళూరు వెళ్లినా ఇద్దరిదీ చెరో ఊరే, ఆగినా చెరో ఊరే, కాకపోతే ఆగితే ఏడాదికి నాలుగున్నర లక్షలు తక్కువ. పెళ్లయ్యాక మారొచ్చంటున్నారు, అప్పటిదాకా ఈ ఆఫర్ ఎవరు పట్టుకుని కూర్చుంటారు? నాకైతే వాళ్ల అనుమానం ఉద్యోగం గురించి కాదనిపిస్తోంది. 'ఈ అమ్మాయి పెళ్లయ్యాక హైదరాబాద్ వస్తుందా, బెంగళూరులోనే ఉండిపోతుందా' అన్నది వాళ్లకు తేలాలి, అది నోరు తెరిచి అడగడానికి మొహమాటపడి ఇలా చుట్టూ తిప్పి అంటున్నారు. మీరు జవాబు చెప్పాల్సింది ఆ ప్రశ్నకు. దానికి ముందు పాప, అబ్బాయి ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవాలి, మీరూ నేనూ కాదు.

ఇప్పుడు తేదీల సంగతి. పాప కంపెనీలో నోటీసు, అంటే రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన గడువు, 90 రోజులన్నారు. అందరూ తిట్టుకునే ఆ మూడు నెలలే మీకు కలిసొస్తాయి, ఎలాగో చెబుతాను. ఇవాళ రాజీనామా పెడితే నోటీసు పూర్తయ్యేసరికి ఆమెకు 5 ఏళ్ల సర్వీసు దాటుతుంది, గ్రాట్యుటీ వస్తుంది, అంటే అన్నేళ్లు పనిచేసి వెళ్లేవాళ్లకు కంపెనీ ఇచ్చే డబ్బు. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కేస్తారు. నెలకు బేసిక్ (మూల జీతం) 26 వేలు అనుకుందాం, ఏడాదికి 15 వేల చొప్పున 5 ఏళ్లకు 75 వేలు. కొత్త కంపెనీవాళ్లు 'నోటీసు డబ్బు మేం కడతాం, నెలలో వచ్చేయండి' అంటే పిల్లలు సంబరంగా ఒప్పేసుకుంటారు, ఈ 75 వేల సంగతి ఎవరికీ గుర్తుండదు. 4 ఏళ్ల 240 రోజులు పనిచేసినా ఇవ్వాలని మద్రాసు హైకోర్టు చెప్పిన మాట ఉంది గానీ, పెళ్లి పనుల మధ్య అది పట్టుకుని హెచ్‌ఆర్‌తో వాదించే ఓపిక మీకుందా? హాయిగా నోటీసు మొత్తం పనిచేయమనండి.

అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ 90 రోజులు పూర్తయ్యేది సరిగ్గా శ్రావణంలో. ఒకే వారంలో చెన్నై ఆఫీసులో ల్యాప్‌టాప్ అప్పగింత, కావలిలో పాప అప్పగింతలు, పసుపు బట్టలతోనే బెంగళూరులో జాయినింగ్. వద్దన్నా. పెళ్లి కార్తీకానికో మాఘానికో జరపండి. నన్నడిగితే మాఘమే మేలు, చాలా కంపెనీల్లో ప్రొబేషన్ 6 నెలలుంటుంది, అప్పటికి అది కూడా దాదాపు అయిపోతుంది, సెలవు అడగడానికి మొహం చెల్లుతుంది. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఎడం ఎక్కువైతే నలుగురూ నాలుగు మాటలంటారని మీ ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, తెలుసు. అననివ్వండి.

నిశ్చితార్థం మాత్రం ఈ నెలాఖరులోనే ఒక ఆదివారం చూసుకుని, కావాల్సినవాళ్ల మధ్య ఇంట్లోనే కానిచ్చేయండి. ఆదివారమని ఎందుకంటున్నానంటే, నోటీసులో ఉన్నవాళ్లకు సెలవులివ్వడానికి చాలా కంపెనీలు ఇష్టపడవు, తీసుకున్న ప్రతి రోజుకూ రిలీవింగ్ తేదీ, అంటే ఉద్యోగం నుంచి వదిలే తేదీ, ఒక రోజు ఆలస్యం చేసే చోట్లు కూడా ఉన్నాయి.

ఆఫర్ లెటర్ ఒకసారి పాపను మళ్లీ చదవమనండి, ఈసారి 11 లక్షల అంకె దగ్గర ఆగిపోకుండా చివరి పేజీ దాకా. జాయినింగ్ బోనస్, ఊరు మారే ఖర్చులు అని కొంత ఇస్తారు, 'ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి' అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెళ్లయిన నాలుగు నెలలకే హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చి ఉద్యోగం మానేస్తే ఆ డబ్బంతా వెనక్కి కట్టాలి. అందుకని సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి రెండు సంగతులు రాతపూర్వకంగా అడగాలి: హైదరాబాద్‌లో ఆఫీసుందా, ఉంటే ఎన్నాళ్లకు ట్రాన్స్‌ఫర్ అడగొచ్చు అని ఒకటి, మాఘంలో పెళ్లికి రెండు వారాల సెలవు కావాలి, కుదురుతుందా అని రెండోది. పెళ్లి సంగతి చెబితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని ఆడపిల్లలు దాస్తుంటారు. ఇంటర్వ్యూలో చెప్పాల్సిన పనిలేదు, నిజమే. లెటర్ చేతికొచ్చాక దాచితేనే ఇబ్బంది, చేరిన మర్నాటి నుంచి మేనేజర్ దగ్గర అబద్ధాలాడుతూ గడపాలి. ట్రాన్స్‌ఫర్ జవాబు ఏదొచ్చినా సరే, అబ్బాయివాళ్లకు చెప్పడానికి మీ చేతిలో గట్టి మాట ఒకటుంటుంది, 'ఏడాది బెంగళూరు, తర్వాత హైదరాబాద్ ప్రయత్నం' అని. ఆ ఏడాది కూడా మరీ దూరమేం కాదు, కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్‌కు వందే భారత్ ఉంది, ఎనిమిది గంటలకు కాస్త పైన ప్రయాణం.

ఒక ముచ్చట చెప్పాలి. కొన్నేళ్ల కిందట సింగరాయకొండ వైపు అబ్బాయి ఒకడు నా దగ్గరకొచ్చాడు. ఫోన్‌లో 'మీరు సెలెక్ట్ అయ్యారు' అన్నారని ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు, ఇంట్లోవాళ్లు ఆ కొత్త కంపెనీ పేరు, హోదా శుభలేఖల్లో అచ్చు వేయించేశారు, ఆడపెళ్లివాళ్లకు ప్యాకేజీ అంకె కూడా చెప్పేశారు. లెటర్ నెల దాటినా రాలేదు, తర్వాత 'ప్రాజెక్ట్ ఆగింది' అన్నారు. పెళ్లయితే అయింది గానీ, మొదటి ఏడాదంతా అత్తగారింట్లో ఆ అంకె గురించి మాటలు పడ్డాడు పాపం. మీకు లెటర్ వచ్చింది కాబట్టి మంచిదే, అయినా చేరి మొదటి జీతం పడేదాకా ఒంగోలువాళ్ల దగ్గర 11 లక్షల అంకె ఎత్తకండి. అడిగితే 'ఇప్పటికంటే మెరుగు' అనండి చాలు.

మీకు బీపీ ఉందని, పాప కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే చూపించుకుంటున్నానని రాశారు. అది సాధారణంగా ఆమె చివరి పనిదినంతోనే ఆగిపోతుంది, కొత్తది చేరిన రోజు నుంచే మొదలవుతుంది. మధ్యలో పట్టుచీరలు కొనడానికని మూడు వారాలు ఖాళీ పెట్టుకుంటే ఆ మూడు వారాలూ మీకు ఏ కవరూ లేనట్టే. వీలైతే శుక్రవారం రిలీవింగ్, సోమవారం జాయినింగ్. కొత్త కంపెనీలో తల్లిదండ్రులకు వర్తిస్తుందో లేదో కూడా అడగమనండి, కొన్నిచోట్ల విడిగా ప్రీమియం కట్టాలి. పీఎఫ్ మాత్రం బంగారం కోసమని తీసేయొద్దు, పాత యూఏఎన్‌తోనే (ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ నంబరు) కొత్త ఖాతాకు మార్పించుకోవాలి. పాప పీఎఫ్ పెన్షన్ స్కీములో ఉంటే, ఆ పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి, పెన్షన్ డబ్బుతో సహా మొత్తం తీసేస్తే ఈ 5 ఏళ్లూ ఆ లెక్కలోంచి పోతాయి.

బెంగళూరులో వెళ్లగానే ఇల్లు తీయొద్దు. అక్కడ అడ్వాన్స్ కిందే కొన్ని నెలల అద్దె ముందు అడుగుతారు, పెళ్లయ్యాక ఎవరు ఏ ఊళ్లో ఉంటారో తేలకుండా అంత డబ్బు ఇరికించుకోవడం ఎందుకు? మాఘం దాకా పీజీలో (భోజనంతో కూడిన హాస్టల్ లాంటిది) ఉంటే సరిపోతుంది. మారతహళ్లి వైపు వెళ్తే మన నెల్లూరు, ఒంగోలు పిల్లలే ఎక్కడ చూసినా, పప్పు, గోంగూర, కారప్పొడి దొరక్క ఇబ్బంది పడే పనేలేదు.

ఇక మీరు చేయాల్సింది ఒక ఫోన్. పాప, అబ్బాయి మాట్లాడుకున్నాక, నిశ్చితార్థానికి ముందే, అబ్బాయి నాన్నతో మీరే మాట్లాడండి, మధ్యవర్తితో చెప్పించకండి. 'బావగారూ, పాప బెంగళూరులో చేరుతుంది, ఏడాది తర్వాత హైదరాబాద్‌కు ప్రయత్నిస్తుంది, పిల్లలిద్దరూ అనుకున్నారు, ముహూర్తం మాఘంలో చూద్దాం' అని సూటిగా. ఆయన కాస్త గునిసినా ఒప్పుకుంటారని నా అంచనా. ససేమిరా అంటే, అది తాంబూలాలు పుచ్చుకున్న తర్వాత కాకుండా ముందే తెలియడం మీకు నయమే. హెచ్‌ఆర్ నుంచి ఆ రెండింటికీ జవాబు వచ్చి, జాయినింగ్ తేదీ ఖరారయ్యాకే పాప రాజీనామా మెయిల్ పంపాలి, అంతకు ఒక్కరోజు ముందు కూడా వద్దు. జవాబులో ఏముందో నాకూ రాయండి, ట్రాన్స్‌ఫర్ సంగతి తిరకాసుగా రాసుంటే ఏం అడగాలో చెబుతాను.