ఏడాదిన్నర ముచ్చటకు ఏ కారు కొనాలి?

ప్రశ్న: నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగిని. ఇంట్లో అందరికీ పనికొచ్చే కారు ఒకటి ఉంది. ఏడాదిన్నర తరువాత ఉద్యోగరీత్యా కెనడా వెళ్లవలసి ఉంటుంది కాబట్టి, ఈలోగా నడపడంలో సరదా ఉన్న కారు ఒకటి కొనుక్కుని, వెళ్లేముందు అమ్మేయాలని ఉంది. ఎనిమిది లక్షల వరకు సొంత డబ్బు పెట్టగలను. ఇంకొంత అప్పు చేసి కొత్త మహీంద్రా థార్ తీసుకోమని మిత్రులు, పాత ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ (టర్బో పెట్రోలు) తీసుకోమని మా మెకానిక్కు అంటున్నారు. అమ్మేటప్పుడు నష్టం రాకూడదంటే ఏది మేలు? – ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: పైసా నష్టం లేకుండా బయటపడడం అరుదు. ఎంత నష్టపోతామన్నది మాత్రం చాలావరకు కొన్న రోజే తేలిపోతుంది. ఈ లెక్కన మీ మెకానిక్కు చెప్పింది సగం సరైన సలహా, మిత్రులు చెప్పింది మీ అవసరానికి పొసగని సలహా.

కొత్త బండికి మీరు కట్టేది ఆన్‌రోడ్ ధర, రేపు మీ దగ్గర కొనేవాడు లెక్క మొదలుపెట్టేది షోరూం ధర నుంచి. మధ్యలో ఉన్న లైఫ్ ట్యాక్సు, మొదటి ఏడాది ఇన్సూరెన్సు మీ ఖాతాలోనే పోతాయి. ఆపైన తరుగు ఉంది. ఇన్సూరెన్సు కంపెనీలు బండి విలువ కట్టే పట్టిక ప్రకారం ఏడాదిలోపు 15 శాతం, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 శాతం తగ్గుతుంది. పదమూడు లక్షల బండికి ఏడాదిన్నర నాటికి 2.6 లక్షలు పోయినట్టే, లైఫ్ ట్యాక్సు దీనికి అదనం. థార్ ఈ పట్టికకు లొంగని బండి అన్న మాట నిజమే. 2020 అక్టోబరు 2న వచ్చిన ఆ మోడలుకు నెలల తరబడి వెయిటింగ్ ఉన్న రోజుల్లో, వాడిన బండి కూడా కొత్తదానికి దగ్గర ధర పలికింది. అయితే వెయిటింగ్ తీరిపోయాక ఆ ధర నిలవదు.

కొత్త మోడలుతో ఇంకో ప్రమాదం కంపెనీయే ధర తగ్గించడం. మారుతి జిమ్నీ 2023 జూన్‌లో 12.74 లక్షల ప్రారంభ ధరతో విడుదలైంది, అదే ఏడాది డిసెంబరులో థండర్ ఎడిషన్ పేరుతో 10.74 లక్షలకే వచ్చింది. జూన్‌లో మురిసిపోయి కొన్నవారు బండి మీద ఒక్క గీత పడకపోయినా ఆర్నెల్లలో రెండు లక్షల మేర వెనకబడ్డారు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగినప్పుడు పాత బండ్ల ధరలు కూడా కొంత కిందికి రాక తప్పలేదు. అంతకుముందు ధరనే మనసులో పెట్టుకుని బేరమాడే అమ్మకందారులు నేటికీ కనిపిస్తారు. వాళ్లతో వాదించకుండా, అదే స్థాయి కొత్త కారు నేటి ధర చూపించండి.

ఇక పోలో. ఇక్కడ అమ్మకాలు 2022లో ఆగిపోయాయి కాబట్టి కొత్త పోలో ధర తగ్గుతుందన్న భయం లేదు. నడపడం తెలిసినవారు దాన్ని వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు. సరఫరా ఆగిపోయి గిరాకీ నిలిచిన బండే కొద్దికాలం ఉంచుకుని అమ్మేవాడికి అనువైనది. మీ మెకానిక్కు సలహాలో మిగతా సగం దగ్గరే నాకు అభ్యంతరం. 2013 నుంచి 2020 వరకు వచ్చిన జీటీ టీఎస్‌ఐలో 1.2 లీటరు ఇంజనుకు ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు జత. ఆ గేర్‌బాక్సులోని డ్రై క్లచ్‌లు, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ మన ట్రాఫిక్కులో, మన వేడిలో ఇబ్బంది పెడతాయన్న పేరు మోశాయి. ఏడాదిన్నరలో అది ఒక్కసారి మొరాయించినా మీరు మిగుల్చుకున్నదంతా ఆ బిల్లుకే చెల్లు. 2020 నుంచి వచ్చిన 1.0 లీటరు టీఎస్‌ఐ ఆరు గేర్ల మాన్యువల్‌లో ఆ బెడద లేదు, 110 పీఎస్ శక్తితో సరదాకూ లోటు లేదు. ఫస్ట్ ఓనర్ చేతిలో ఉండి, సర్వీసు చరిత్ర మొత్తం కాగితాల మీద కనిపించే అలాంటి బండి వెతకండి.

అది ఏడు లక్షలకు దొరికిందనీ, ఏడాదిన్నర తరువాత 6.3 లక్షలకు పోయిందనీ అనుకుందాం. బదిలీ ఖర్చు, ఇన్సూరెన్సు, సర్వీసు, ఒక జత టైర్లు కలిపి ఇంకో డెబ్బై వేలు వేసుకుంటే మొత్తం 1.4 లక్షలు, అంటే నెలకు దాదాపు 7,800 రూపాయలు. ఆ సొమ్మును నష్టం అనకుండా సరదాకు కట్టిన అద్దె అనుకోగలిగితేనే ఈ పనికి దిగండి.

టైర్లు ఎన్నాళ్లవో అమ్మేవాడిని అడగనక్కర్లేదు. టైరు పక్క గోడమీద తయారీ కోడులో చివరి నాలుగు అంకెలు 2321 అని ఉంటే అది 2021 సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. బండి వయసు కంటే టైరు బాగా పాతదైతే, మీరు కొనబోయే జత ఖర్చును బేరంలో ముందే తగ్గించుకోవచ్చు.

కొద్దికాలం ఉంచుకునేవారికి ఎదురయ్యే అసలు చిక్కు ఓనర్ సంఖ్య. మీరు ఫస్ట్ ఓనర్ దగ్గర కొంటే సెకండ్ ఓనర్‌గా అమ్ముతారు, సెకండ్ ఓనర్ దగ్గర కొంటే థర్డ్ ఓనర్‌గా. ఒక్కో మెట్టుకూ ధర తగ్గుతుంది, థర్డ్ ఓనర్ బండికి లోను దొరకడం కూడా కష్టమవుతుంది. దీన్ని తప్పించడానికి కొందరు బ్రోకర్లు ఒక ఉపాయం చెబుతారు: పాత యజమాని బదిలీ కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇస్తాడు, మీరు ఆర్‌సీ మార్పించుకోకుండా నడుపుకుని, అమ్మేనాడు అవే కాగితాలు తరువాతివాడి చేతిలో పెడతారు. ఈ పనికి ఒప్పుకోవద్దు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవాడు 14 రోజుల్లోగా, కొన్నవాడు 30 రోజుల్లోగా బదిలీ సంగతి తెలియజేయాలి. బండి ఎన్ని చేతులు మారినా ఆర్‌సీలో పేరున్నవాడే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇవాళ ఆ ముప్పు పాత యజమానిది. రేపు మీరు ఇలాగే అమ్మి కెనడాలో కూర్చుంటే ఇక్కడి కేసు మీ వెంట వస్తుంది. బదిలీ కాని ఇన్సూరెన్సు మీద మీ బండి డ్యామేజీకి క్లెయిము పెట్టినా చిక్కే.

ఇన్సూరెన్సు క్లెయిము పెట్టకుండా సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో తగ్గింపు) బండితో పోదు, యజమానితోనే ఉంటుంది. మీరు అమ్మేటప్పుడు దానికి సర్టిఫికెట్ తీసుకోవడం మరవకండి.

వ్యాపారికి అమ్మితే అతని లాభం, ఆ లాభం మీద 18 శాతం జీఎస్టీ మీకిచ్చే ధరలోంచే వస్తాయి. ఇద్దరు వ్యక్తుల మధ్య నేరుగా జరిగే అమ్మకానికి ఆ పన్ను లేదు. అందుకు ఓపిక కావాలి, కాలం కూడా కలిసిరావాలి. మనవాళ్లు ఆషాఢంలోనూ మూఢంలోనూ బండి ఇంటికి తెచ్చుకోరు కాబట్టి కొనడానికి ఆ రోజులే మంచివి. మీకు అలాంటి పట్టింపు ఉంటే అడ్వాన్సు అప్పుడిచ్చి, డెలివరీ ముహూర్తం చూసి తీసుకోండి. అమ్మకం దసరాకు ముందు పెట్టుకోండి, డిసెంబరు దాటనివ్వకండి. క్యాలెండరు మారగానే బండికి ఒక ఏడాది వయసు పెరిగిందని కొనేవాడు వెంటనే అంటాడు. వీసా తేదీ మాత్రం కొనేవాళ్లకు చెప్పకండి.

బండిని ఉన్నది ఉన్నట్టే ఉంచండి. రీమ్యాప్ చేయించిన (శక్తి పెరగడానికి ఇంజను కంప్యూటరు సెట్టింగులు మార్పించిన), మోతపెట్టే సైలెన్సర్ తగిలించిన పోలోను చూడగానే ‘బాగా కొట్టి నడిపారు’ అన్న అనుమానం వస్తుంది, పెట్టిన డబ్బులో రూపాయి కూడా తిరిగి రాదు. ఫ్యాన్సీ నంబరు సంగతీ అంతే.

ప్రశ్న: బెంగళూరులో ఇలాంటి కార్లు ఎక్కువ దొరుకుతున్నాయి, బేరం కూడా నచ్చింది. ఏడాది వాడి అమ్మేద్దామనుకుంటే అక్కడి నుంచి తెచ్చుకోవచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తెచ్చుకుంటే అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకుని, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టి, కొత్త నంబరు వేయించాలి. ధరలో తేడా ఈ మొత్తానికంటే చాలా ఎక్కువగా ఉంటేనే ప్రయోజనం. పన్ను ఎగ్గొట్టి కర్ణాటక నంబరుతోనే తిప్పుదామంటే, ఒక రాష్ట్రం బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే నంబరు మార్పించక తప్పదు, ఈలోగా మీ దగ్గర కొనడానికి వచ్చినవాడు కూడా ‘బయటి బండి’ అని ధర కోస్తాడు. ఏడాది వాడకానికి ఈ తిప్పలు అనవసరం. మీ ఊళ్లోనే వెతకండి.

అయితే మీ ఊళ్లో ఒక జాగ్రత్త తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మునిగిన కార్లు బాగుపడి మళ్లీ సంతకు వచ్చి ఉండవచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. రోజూ బయట కనిపించే భాగం తళతళలాడుతున్నా, లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు మీద బురద చార ఉంటే ఆ బండిని వదిలేయండి. స్టెప్నీ కింది గుంట, కార్పెట్ కింద సీట్ల బోల్టుల తుప్పు కూడా చూడండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. మాజ్డా మియాటా అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి వాడినది కొని, కొన్ని నెలలు నడిపి అమ్మాలని ఉంది. ఇండియా లెక్క ఇక్కడా వర్తిస్తుందా? – ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: తరుగు సంగతిలో వర్తిస్తుంది, పన్ను సంగతిలో తేడా ఉంది. మన దగ్గర రాష్ట్రంలోపల చేతులు మారితే లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టనక్కర్లేదు. టెక్సస్‌లో ప్రతి కొనుగోలుకూ 6.25 శాతం పన్ను ఉంది. తక్కువ ధర రాసి తప్పించుకుందామన్నా, వాడిన బండిని వ్యక్తి నుంచి కొన్నప్పుడు రాష్ట్రం లెక్కగట్టే ప్రామాణిక విలువలో 80 శాతం కంటే మీ ధర తక్కువగా ఉంటే ఆ 80 శాతం మీదనే పన్ను పడుతుంది. 20,000 డాలర్ల కారుకు 1,250 డాలర్లు. ఆ మొత్తాన్ని కొన్ని నెలలకు కాకుండా ఏడాదికి పంచుకుంటే భారం తగ్గుతుంది. పైకప్పు తీసే కారు కనుక చలికాలంలో కొని, ఏడాది దాటాక వచ్చే వసంతంలో అమ్మండి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నదని తేల్చిన బండి), రీబిల్ట్ (అలాంటిదాన్ని బాగుచేసినది) ముద్ర ఉన్నదాని జోలికి పోకండి. అమ్మిన తరువాత నంబరు ప్లేట్లు విప్పుకుని, 30 రోజుల్లోగా రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు అమ్మకం నోటీసు పంపండి. లేకపోతే కొత్త యజమాని టోల్ బిల్లులు, పార్కింగ్ చలానాలు మీ ఇంటికే వస్తాయి.