చలికి ముందే కత్తిరించాలా?

సందేహం: అన్నా, మాది తాడిపత్రి. ఈ వేసవిలో న్యూజెర్సీలో ఇల్లు కొన్నాం. చుట్టూ పాతవాళ్లు పెంచిన చెట్లు, పొదలు చాలా ఉన్నాయి. అక్టోబరులో అన్నీ కత్తిరించి ఎరువు వేసేద్దామా?

జవాబు: వద్దు తమ్ముడూ. మనకాడ ద్రాక్షకు అక్టోబరులో కత్తిరిస్తేనే కాయ. ఇక్కడ ఆ లెక్క కుదరదు. ఇప్పుడు కోస్తే వచ్చే లేత చిగురు ముదరకముందే మంచుకు మాడిపోతుంది. ఎండాకాలం చివర్లో వేసే నత్రజనీ అంతే, నిద్రకు పోవాల్సిన చెట్టును లేపుతుంది. ఎండిన కొమ్మ, తెగులు పట్టిన కొమ్మ మాత్రం ఎప్పుడైనా తీసెయ్.

పూల పొదలకు ముందు తెలుసుకోవాల్సింది అవి ఏ కొమ్మ మీద పూస్తాయనేది. అజేలియా, ఫోర్సీథియా, లైలాక్ వచ్చే వసంతం మొగ్గను ఈ ఎండాకాలంలోనే కట్టేసుకుంటాయి. ఇప్పుడు కోస్తే ఆ పూలన్నీ పోయినట్టే. వాటిని పూత రాలగానే కత్తిరించాలి. హైడ్రాంజియాతోనే తికమక. నీలం, గులాబీ గుత్తులు పూసేది ఎక్కువగా పాత కొమ్మ మీద పూస్తుంది, దాని జోలికి పోకు. మొనదేలిన తెల్లటి గుత్తులు వేసేది కొత్త రెమ్మ మీద పూస్తుంది, మార్చిలో ధైర్యంగా కొయ్యి. ఏది ఏదో తేలకపోతే ఒక ఏడాది ఊరికే చూడు. లాన్ కోసే మనిషికి మాత్రం అప్పగించకు, అన్నిటికీ ఒకే గుండ్రటి క్షవరం చేసి పోతాడు.

నీడ చెట్లకు ఆకు రాలాక, చలికాలం చివర మంచిది. కొమ్మను మానుకు ఆనించి కోయకు, దాని మొదలు దగ్గర ఉబ్బుగా ఉండే మెడ వదిలెయ్, గాయం అదే మూసుకుంటుంది. నిచ్చెనెక్కి రంపం పట్టే పని అయితే ఆర్బరిస్టును, అంటే చెట్ల పని తెలిసిన నిపుణుణ్ణి, పిలువు. డాలస్‌లో మీవాళ్లుంటే ఒక మాట చెప్పు: టెక్సస్‌లో ఓక్‌ను ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కోయకూడదు, ఓక్ విల్ట్ అనే చెట్టును ఎండబెట్టే తెగులు అంటుకుంటుంది. ఎప్పుడు కోసినా గాయానికి వెంటనే పెయింట్ పూయాలి. మిగతా చెట్లకు పెయింట్ అక్కర్లేదు.

ఎకినేషియా అనే పూల మొక్క ఎండు కాడలు మార్చి దాకా ఉండనీ, గింజలు పిట్టలు తింటాయి. పియోనీ పూల మొక్క ఆకు మాత్రం ఇప్పుడే కోసి పారెయ్, తెగులు అందులోనే దాక్కుంటుంది.

ఎరువు సంగతి వసంతంలో చూద్దాం. ముందు ఇక్కడి రట్గర్స్ యూనివర్సిటీ మట్టి పరీక్ష ల్యాబుకు మట్టి పంపు. ముదురు చెట్లకు చాలాసార్లు ఏమీ వేయక్కర్లేదు, లాన్‌కు వేసిందే వాటి వేళ్లకూ అందుతుంది. ఆ లాన్‌కైనా నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా ఎరువు వేయకూడదని ఇక్కడ చట్టమే ఉంది. మల్చ్, అంటే మొదళ్ల చుట్టూ నేల మీద పరిచే చెక్క పొట్టు, రెండు మూడు అంగుళాలు చాలు. దాన్ని మాను చుట్టూ గుట్టగా పోస్తారు, చూస్తే ఒళ్లు మండుతుంది. చీనీ (బత్తాయి) మొదలుకు నీళ్లు తగలకుండా పాదుకు లోపల ఇంకో కట్ట వేస్తారే, అదే బుద్ధితో మాను చుట్టూ జానెడు ఖాళీ వదులు.

చలికి ముందు నిజంగా చేయాల్సింది నీళ్లు పెట్టడం. ఈ ఏడాది నాటిన మొక్కలకూ, ఆకు రాల్చని రోడోడెండ్రాన్ లాంటి పొదలకూ నేల గడ్డకట్టే లోపల వేళ్లు తడిసేలా పట్టు.