ఆప్టెరాన్‌కు ముందుగా దారి వేసింది లైనక్సే

ప్రశ్న: ప్రాసెసర్ వేగంగా ఉంటే చాలదా? సర్వర్ల మార్కెట్‌లో చిప్ కంపెనీ ఎదుగుదలకు ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనేమిటి?

జవాబు: వేగం ఒక్కటే చాలదు. చిప్ తయారీ సంస్థ ఏఎండీ 2003 ఏప్రిల్‌లో విడుదల చేసిన సర్వర్ చిప్ ఆప్టెరాన్‌నే చూడండి. పాత 32 బిట్ల ప్రోగ్రాములను యథాతథంగా నడుపుతూనే 64 బిట్ల (ఒకేసారి మరింత పెద్ద సంఖ్యలను, మరింత మెమరీని వాడుకునే) పనీ చేయగల చిప్ అది. కానీ ఆ సామర్థ్యాన్ని గుర్తించే ఆపరేటింగ్ సిస్టమ్ లేని చోట అది మరో 32 బిట్ల చిప్‌గానే ఉండిపోతుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లో కావలసిన మార్పులను లైనక్స్ సంస్థ సూసే ఇంజినీర్లు చిప్ చేతికి రాకముందే, దాన్ని అనుకరించే సిమ్యులేటర్ మీద మొదలుపెట్టారు. ఈ చిప్‌లకు సరిపడే విండోస్ సర్వర్ మాత్రం 2005లో గానీ రాలేదు. జాప్యానికి తప్పంతా మైక్రోసాఫ్ట్‌దే అనలేం. 64 బిట్ల విండోస్‌లో 32 బిట్ల డ్రైవర్ (పరికరాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాము) పనిచేయదు కనుక, డిస్క్ కంట్రోలర్ మొదలు నెట్‌వర్క్ కార్డు దాకా ప్రతి తయారీదారూ డ్రైవర్‌ను కొత్తగా అందించవలసి వచ్చింది. ఈలోగా, 2004లోనే, ఇంటెల్ అదే తరహా 64 బిట్ల విధానాన్ని తన సర్వర్ చిప్ జియాన్‌లోకి తెచ్చుకుంది. విండోస్ మీదే ఆధారపడ్డ సంస్థల వద్ద ఏఎండీ తన తొలి అవకాశాన్ని పూర్తిగా వాడుకోలేకపోయిందని నా అభిప్రాయం.

ఇంటెల్ మరో 64 బిట్ల సర్వర్ చిప్ ఇటానియం కథ దీనికి తలకిందులు. మొదట్లో విండోస్, లైనక్స్ రెండూ దానికి మద్దతిచ్చాయి. తర్వాత లైనక్స్ సంస్థ రెడ్ హ్యాట్ 2009లో, మైక్రోసాఫ్ట్ 2010లో ఇకపై కొత్త వెర్షన్లు ఉండవని తేల్చేశాక, ఆ చిప్‌కు ప్రధాన ఆధారంగా హెచ్‌పీ సంస్థ సొంత యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మిగిలింది.