‘అల్పజీవి’ 40వ పేజీ దగ్గర ఆగిపోతోందన్నవారికి
ఏది మాటో ఏది ఆలోచనో తెలియట్లేదన్నారు కదండీ. రావిశాస్త్రి గారు ఈ నవలని చైతన్య స్రవంతిలో, అంటే మనసులో ఆలోచనలు ఎలా పారితే అలాగే రాసే పద్ధతిలో, రాశారు. జరిగేది చిన్నది, దాన్ని తల్చుకుని కథానాయకుడు సుబ్బయ్య పడే భయం పెద్దది. బస్సులో రోజుకి 4 పేజీలు చదివితే ఆ భయం మధ్యలో తెగిపోతుంది, మళ్లీ అందుకోవడం కష్టం. ఓ గంట కదలకుండా కూర్చోండి. బయట నిజంగా జరిగినదాని పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. గీత లేనిదంతా దాదాపు సుబ్బయ్య బుర్రలో నడుస్తున్నదే. సగం తికమక అక్కడే తీరుతుంది. సంభాషణలు మాత్రం పైకి చదవాలి, ఎవరు ఎవర్ని అదిలిస్తున్నారో చెవికే ముందు తెలుస్తుంది. అప్పటికీ పట్టు దొరక్కపోతే ముందు ఆయన కథలు చదవండి. మీరు శ్రీకాకుళంలోనే ఉన్నారు కదా, కారా మాస్టారు (కథకులు కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం మీకు దగ్గరే.