ఓటు హక్కుకు ‘స్మారకం’ కట్టవచ్చా?

సందేహం: మా కాలనీలో ఆడవాళ్ళం కలిసి రెండు గదుల్లో చిన్న లైబ్రరీ పెట్టుకుంటున్నాం. ఆడవాళ్ళకు ఓటు ఎలా వచ్చిందో చెప్పే పుస్తకాలు, పాత పత్రికలు, ఫొటోలు అందులో ఉంటాయి. బోర్డు మీద ‘మహిళా ఓటు హక్కు స్మారక గ్రంధాలయం’ అని రాయించాలనుకున్నాం. మాలో ఒక రిటైర్డ్ టీచరుగారు ‘మహిళల’ అనాలనీ, ‘గ్రంథాలయం’ అనాలనీ అంటున్నారు. ‘స్మారక’ అన్నచోట కూడా ఆవిడకు ఏదో ఇబ్బందిగా ఉంది, ఎందుకో చెప్పలేకపోయారు. లోపల గోడ మీద ‘1950లో ప్రభుత్వం మహిళలకు ఓటు హక్కును ప్రసాదించింది’ అని రాయిస్తున్నాం. చందాలిచ్చిన ఆడవాళ్ళ పేర్లు రాతిపలక మీద చెక్కించాలి. కొందరు ‘శ్రీమతి ఫలానా రావుగారు’ అని భర్త పేరుతోనే వేయమంటున్నారు. ఇది తెలుగు పద్ధతేనా?
– ఒక పాఠకురాలు, పద్మారావునగర్, హైదరాబాద్

సమాధానం: అమ్మా, పెయింటరు ఇంకా పని మొదలుపెట్టకపోతే రెండు రోజులు ఆగమనండి. మీరు అడిగిన ప్రతిచోటా మార్చవలసింది ఉంది.

తేలికైనది ముందు చూద్దాం. ‘గ్రంథాలయం’లో ఉన్నది థకారమే. కూర్చడం, ముడివేయడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట అది. కూర్చినది గ్రంథం, ముడి గ్రంథి. మన నోట థ, ధల తేడా చెరిగిపోవడంతో ‘కధ’, ‘గ్రంధం’ రాతలోకీ వచ్చేశాయి. పలకడంలో ఎలా ఉన్నా రాతలో తేడా ఉంచుకోవాలి. ‘అర్థం’ అనబోయి ‘అర్ధం’ అని రాస్తే సగం అని కదా అవుతుంది!

‘మహిళల’ అన్న టీచరుగారి మాట కూడా సరైనదే. సంస్కృతంలో ‘మహిళా’ అని దీర్ఘాంతంగా ఉన్న శబ్దం తెలుగులోకి వచ్చేసరికి ‘మహిళ’ అవుతుంది. ‘సభా’ సభ అయినట్టు, ‘మాలా’ మాల అయినట్టు. పక్కన మరో సంస్కృత పదం చేరి సమాసమైనప్పుడు ఆ దీర్ఘం నిలుస్తుంది. మహిళామండలి, సభాపతి అలాంటివి. ‘ఓటు హక్కు’ సంస్కృతం కాదు. ‘ఓటు’ ఇంగ్లీషు నుంచి వచ్చింది. ‘హక్కు’ అరబీలో పుట్టి, ఉర్దూ మీదుగా మన వాడుకలోకి వచ్చింది. రెండూ చివర ఉకారం తగిలించుకుని తెలుగు మాటలైపోయాయి. పాత అచ్చులో ‘వోటు’ అనీ కనిపిస్తుంది. (ఓటికుండలోని ‘ఓటు’ మన సొంత మాట, పగులని అర్థం, దానికీ దీనికీ చుట్టరికం లేదు.) దీనికి ముందు ‘మహిళా’ అని దీర్ఘం నిలపడానికి వ్యాకరణం ఒప్పుకోదు.

మరి ‘మహిళా ఓటర్లు’, ‘మహిళా కండక్టరు’ అని రోజూ అంటున్నాం కదా అంటారు. వాడుకలో స్థిరపడినవాటిని నేను కాదనను. కానీ అక్కడ అర్థం ఎలా నడుస్తోందో చూడండి. మహిళా కండక్టరు అంటే కండక్టరే మహిళ. మహిళా ఓటర్లు అంటే ఆ ఓటర్లే మహిళలు. ఓటు హక్కు మహిళ కాదు, మహిళలది. ‘ఎవరిది?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినచోట షష్ఠీ విభక్తి రావాలి. ‘మహిళల ఓటు హక్కు’ అనండి, ‘స్త్రీల ఓటు హక్కు’ అన్నా బాగుంటుంది.

టీచరుగారిని ఇబ్బంది పెట్టిన ‘స్మారక’ మాటకు వద్దాం. ధాతువును బట్టి చూస్తే తప్పు లేదు, స్మరింపజేసేది స్మారకం. అయితే తెలుగులో ఆ మాట పోయినవారి పేరు పక్కనే స్థిరపడింది. స్మారక ఉపన్యాసం, స్మారక బహుమతి, స్మారక చిహ్నం అంటే ఎవరి పేరున అని అడుగుతాం. ‘సంస్మరణ’, ‘జ్ఞాపకార్థం’ కూడా అంతే. ‘ఓటు హక్కు స్మారక గ్రంథాలయం’ అన్న బోర్డు చదివితే ఓటు హక్కు కాలం చేసిందేమో అనిపిస్తుంది. ఆవిడ చెవికి తగిలింది అదే.

స్త్రీల ఓటు ఉద్యమం నుంచి పుట్టిన గ్రంథాలయాల్లో పేరున్నది లండన్‌లోని విమెన్స్ లైబ్రరీ. 1867 నాటి ఓటు హక్కు సంఘానికి వారసులైన స్త్రీలు 1926లో దాన్ని ప్రారంభించారు. బ్రిటన్‌లో 1918లో ఓటు వచ్చింది 30 ఏళ్ళు నిండి, ఆస్తి నియమాలకు సరిపోయిన స్త్రీలకే. మగవారితో సమానంగా 21 ఏళ్ళకు ఓటు వచ్చింది 1928లో. అంటే పోరాటం ఇంకా రెండేళ్ళు మిగిలి ఉండగానే వాళ్ళు పుస్తకాలు సర్దుకున్నారు. ఇప్పుడది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఉంది. దాని పేరులో స్మారకమన్న మాటే లేదు.

అంత దూరం వెళ్ళనక్కర్లేదు. మన ఊళ్ళో 1901లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది. రాయలు పోయి అప్పటికి మూడున్నర శతాబ్దాలు దాటింది. అయినా వాళ్ళు ‘రాయల స్మారక’ అనలేదు, భాష నివసించే ఇల్లు అన్నారు. నాకు ఎంతో ఇష్టమైన పేరు అది. మీ బోర్డుకు ‘మహిళల ఓటు హక్కు చరిత్ర గ్రంథాలయం’ చాలు. లోపల ఏముందో చెబుతుంది, దారినపోయేవాళ్ళకూ అర్థమవుతుంది.

ఇక గోడ మీది వాక్యం. ‘ప్రసాదించింది’ తీసేయండి. ప్రసాదం అనుగ్రహంతో దొరికేది. దేవుడు వరం ప్రసాదిస్తాడు, రాజు అగ్రహారం ప్రసాదిస్తాడు. పుచ్చుకునేవారు చేతులు జోడించి నిలబడడమే. ఈ చరిత్ర అలా జరగలేదు. 1917 డిసెంబరులో మద్రాసులో, మన హైదరాబాదులో పెరిగిన సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల బృందం బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసింది. వాళ్ళ విజ్ఞాపన నిజానికి ఒక మాట గురించే. ఓటు నిబంధనలు రాసేటప్పుడు ‘ప్రజలు’ అన్న మాటలో స్త్రీలను కూడా లెక్కించాలనీ, స్త్రీలను అనర్హులను చేసేలా వాక్యాలు కూర్చవద్దనీ అడిగారు. మాటల పనిలో జీవితం గడిపినవాడిగా ఆ విజ్ఞాపన తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1919 భారత ప్రభుత్వ చట్టం ఆ విషయం తేల్చకుండా రాష్ట్రాల శాసనమండళ్ళకు వదిలేసింది. 1921లో మద్రాసు శాసనమండలి ఒప్పుకుంది, బొంబాయీ అదే ఏడు ఒప్పుకుంది. అయితే ఆస్తి నియమం ఉండనే ఉంది. అలా గుంటూరులోనో కర్నూలులోనో ఆస్తి ఉన్న స్త్రీకి 1921లోనే ఓటు వచ్చింది. నిజాం రాజ్యంలో ఉన్న మన తెలంగాణ స్త్రీకి ఆ నిర్ణయం వర్తించలేదు. ఒకే భాష మాట్లాడేవాళ్ళకు రెండు చరిత్రలున్నాయి. మీ గోడ మీద 1950 ఒక్కటే ఉంటే రెండూ మరుగున పడతాయి. 1952 ఎన్నికల్లో ఆరుట్ల కమలాదేవి, మాసూమా బేగం, సంగెం లక్ష్మీబాయి హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు గెలిచి వచ్చారు. వాళ్ళ ఫొటోలకు చోటుంచండి.

‘ఇచ్చింది’ కూడా నాకు నచ్చదు. చట్టం భాషలో ‘రాజ్యాంగం కల్పించింది’ అనడం సరే. స్త్రీలను కర్తగా పెట్టి రాస్తే ‘సాధించారు’ కంటే ‘సాధించుకున్నారు’ మేలు. ఇంట్లో ‘సాధించడం’ అంటే పీడించడమన్న అర్థమూ ఉంది. పైగా, తన కోసం తానే చేసుకోవడాన్ని తెలుగులో ‘కొను’ ధాతువు చూపిస్తుంది. వండారు వేరు, వండుకున్నారు వేరు. గోడ మీద ఇలా రాయించండి: ‘1921లో మద్రాసు రాష్ట్రంలో కొందరు, 1950 రాజ్యాంగంతో దేశమంతటా అందరు వయోజన స్త్రీలు ఓటు హక్కు సాధించుకున్నారు.’

చివరిది మీరు అన్నిటికంటే చిన్న సంగతి అనుకున్నారేమో. నాకు అదే పెద్దది. ‘శ్రీమతి’ అంటే శ్రీ కలది అని మాత్రమే అర్థం, శ్రీమంతుడికి స్త్రీలింగ రూపం. పెళ్ళయినదన్న అర్థం వాడుక తెచ్చింది. దాని వెనక భర్త పేరు పెట్టడం ఇంగ్లీషువాళ్ళ మర్యాద నుంచి వచ్చింది. మన పద్ధతిలో పెళ్ళితో ఇంటిపేరు మారేది, పెట్టిన పేరు మారేది కాదు. కొమర్రాజువారి ఆడపడుచు, లక్ష్మణరావుగారి అక్కగారు, పెళ్ళయ్యాక బండారు అచ్చమాంబ అయ్యారు. అచ్చమాంబ అచ్చమాంబగానే ఉన్నారు.

మాట్లాడుకునేటప్పుడు మటుకు ‘ఫలానావారి కోడలు’, ‘లక్ష్మి వాళ్ళమ్మ’ అంటాం. అది చుట్టరికం, పేరు కాదు. ఈ తేడా ఎంత పెద్దదో మొదటి సార్వత్రిక ఎన్నికల ఓటర్ల జాబితా చూపించింది. ఉత్తరాదిన బీహారు, రాజస్థాన్ వంటిచోట్ల లక్షలమంది స్త్రీలు పరాయివారికి తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని రాయించుకున్నారు. సొంత పేరు ఉండి తీరాలని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. చివరికి పేరు చెప్పని సుమారు 28 లక్షలమందిని జాబితా నుంచి తొలగించారు. రాజ్యాంగం కల్పించిన ఓటు చేతిలో ఉండీ వాళ్ళు 1951-52 ఎన్నికల్లో వేయలేకపోయారు.

ఈ కథ మీ అలమరల్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా. గుమ్మం దగ్గర పలక మీద ‘శ్రీమతి ఫలానా రావు’ అని చెక్కించి లోపల ఆ పుస్తకం పెట్టడం నాకు కష్టంగా ఉంది. పట్టుబట్టేవాళ్ళతో ఇది చెప్పి చూడండి. ఇంటిపేరు, సొంత పేరు ముందు చెక్కించి, భర్త పేరు కూడా కావాలంటే దాని కింద చిన్న అక్షరాల్లో వేయించండి. పలక మీద చోటు చాలకపోతే ‘శ్రీమతి’నీ, ‘గారు’నీ తీసేయండి.