మా నివేదిక ఆగితే అడిగినవారు లేరు

ఈ కాలపు ఉద్యోగాలు నిజంగా అవసరమైనవా, లేక జీతం కోసం కల్పించుకున్న కాలక్షేపమా అని అడిగారు. ఆఫీసుల్లో జరిగే పనిలో సగానికి పైగా అనవసరమేనని నా అభిప్రాయం. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో రోజువారీ నివేదికలు తయారుచేసే ఉద్యోగిగానే ఈ మాట అంటున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి మా ఊళ్లోని సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, మా ఆఫీసు మూతపడింది. నేను పంపవలసిన నివేదికలు వెళ్లలేదు. ఏవని అడిగినవారు లేరు.

నీరు తీశాక సింగ్‌నగర్‌లోని మా పిన్ని ఇంటికి వెళ్లాను. ఫ్రిజ్ బోర్లా పడి ఉంది, నానిన బియ్యం కుళ్లి కంపు కొడుతోంది, గదుల నిండా బురద. వేరే ఊరి మున్సిపాలిటీ నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికురాలొకామె గుమ్మంలో నిలబడి ఒక్క చూపులో ఇల్లంతా అంచనా వేసి, "ముందు వంటిల్లు కడిగిద్దామమ్మా, పొయ్యి వెలిగితే తక్కినవి మెల్లగా చూసుకోవచ్చు" అని, ఫైరింజను సిబ్బందిని పిలిచి, వాళ్లు గొట్టంతో నీళ్లు కొడుతుండగా వెనక గది నుంచి వాకిలి వైపు బురదను ఎక్కడా నిలవనీయకుండా తోసుకొచ్చింది. ఆరిందంటే గడ్డపారకు కూడా లొంగదట. పని సగంలో ఉండగా సూపర్‌వైజరు వచ్చి, అందరినీ చీపుళ్లతో వరుసగా నిలబెట్టి, పైకి పంపాలంటూ ఫోటోలు తీశాడు. అంతసేపూ పని ఆగింది. పని జరిగిందని చూపించే పని అసలు పనిని మింగెయ్యడమంటే నాకు ఒళ్లుమంట.

అలాగని కుర్చీలో కూర్చుని చేసేదంతా వృథా అనను. ఆ కార్మికులను ఏ వీధికి పంపాలో, వారి భోజనాలకు ఏర్పాటేమిటో ఎవరో కాగితం మీద లెక్క వేసే ఉంటారు. మా ఆఫీసు తెరిచాక నాకు అప్పగించిన మొదటి పని మాత్రం వరద వల్ల నష్టపోయిన పనిగంటలను విభాగాలవారీగా పట్టిక వేయడం! ఆ పట్టిక మీద సమీక్షా సమావేశం కూడా జరిగింది.

నూరేళ్లలో మనిషికి వారానికి 15 గంటల పని సరిపోతుందని ఆర్థికవేత్త కీన్స్ 1930లో ఊహించాడు. ఆ గడువు దగ్గరపడింది. నెలల తరబడి చేతితో వేసే లెక్కలను కంప్యూటరు నిమిషాల్లో తేలుస్తోంది, మిగిలిన కాలాన్ని మేము సమీక్షలకు ధారపోస్తున్నాం. చేయడానికేమీ లేకపోయినా, మేనేజరుగారు లేవనిదే లేవకూడదు గనుక, రాత్రి ఏడున్నర దాకా సీట్లలోనే కూర్చుంటున్నాం.